రాత్రికి రెండు బిస్కెట్లు, గ్లాసెడు పాలు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. సగానికి సగం అమ్మానాన్నల గురించి పిల్లలు రాసినవి, మిగతావి పెద్దవాళ్లే రాసుకున్నవి. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట ఉంది: "వయసైంది కదా మేడం."

31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేశాను. భోజనం ట్రాలీ వెంట వార్డుల్లో నడుస్తూ, ఏ మంచం దగ్గర కంచంలో ఎంత మిగిలిందో నోటుబుక్కులో రాసుకోవడం నా పనుల్లో ఒకటి. పెద్దవాళ్ల కంచాలు ఎక్కువగా మిగిలేవి. చూడ్డానికి ఎవరూ రాని మంచాల దగ్గరైతే మరీను. కూతురో మనవడో వచ్చి పక్కన కూర్చున్న రోజు అదే మనిషి, అదే పప్పన్నం, కంచం మాత్రం ఖాళీ. ఆ నోటుబుక్కులు చూసుకున్నాకే "వయసైంది" అన్న మాటని అంత తేలిగ్గా ఒప్పుకోవడం మానేశాను.

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్లు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. మల్కాజిగిరిలో మా పాత ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పైభాగంలో నర్సింగ్ చదివే అమ్మాయిలిద్దరు అద్దెకుంటున్నారు. నేను మియాపూర్ నుంచి ఆదివారాలు వెళ్లొస్తాను. రాత్రిపూట రెండు బిస్కెట్లు, గ్లాసెడు పాలతో సరిపెడుతోంది. ఇదేంటమ్మా అంటే "ఒక్కదానికి ఏం వండుకుంటానే" అంటుంది. 58 కేజీలుండేది, మొన్న చూస్తే 51. రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. ఈ వయసులో తిండి తగ్గితేనే మంచిదని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు తల్లీ. 58లో ఏడు కేజీలంటే నూటికి 12 వంతులు. ఆరు నెలల్లోనో ఏడాదిలోనో, మనం తగ్గాలనుకోకుండా నూటికి 5 వంతులు తగ్గితేనే కారణం వెతకాలి. పోయింది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోయింది. బాత్రూమ్‌లో కాలు జారినప్పుడు నిలదొక్కుకోవాల్సింది ఆ కండతోనే. కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. "సరిగా తినట్లేదండీ" అంటే సరిపోదు, రెండు బరువులూ, ఎన్ని నెలల్లో తగ్గిందో కాగితం మీద రాసి చూపించండి. థైరాయిడ్, షుగర్, ఛాతీ ఎక్స్‌రే, కడుపుకి సంబంధించినవి, వీటిలో ఏవి చూశారో ఏవి చూడలేదో అడిగి తెలుసుకోండి. ఇంకో చిన్న పని కూడా ఉంది. అమ్మని నోరు తెరవమని చూడండి. కట్టుడు పళ్లుంటే, బరువు తగ్గాక అవి వదులై చిగుళ్లు ఒరుసుకుంటాయి. పాలలో ముంచిన బిస్కెట్‌కి నమలాల్సిన పని లేదు. అందుకే ఎంతోమంది పెద్దవాళ్లు బిస్కెట్ దగ్గర ఆగిపోతారు, పళ్లు నొప్పి అని మాత్రం చెప్పరు.

ఇక రెండో సంగతి. దీని గురించి నాకు పుస్తకాల్లోంచి కాకుండానే తెలుసు. మా వారు పోయినప్పుడు నాకు 56. ఆయనకి పోపు ఘాటు పడేది కాదు. నేను ఎండుమిరపకాయ వేయగానే హాల్లోంచి దగ్గేవారు, కిటికీ తెరవమని కేకేసేవారు. ఆయన పోయాక పోపు వేశాను, దగ్గు వినపడలేదు. అప్పట్నుంచి ఐదు నెలలు ఆ ఇంట్లో పోపు లేదు. పొయ్యి దగ్గర నిలబడే గిన్నెలో పెరుగన్నం కలుపుకుని, ఆవకాయ ముక్కతో ముగించేదాన్ని. పగలంతా రోగులకి ప్రొటీన్ లెక్కలు చెప్పిన మనిషిని. ఒకరోజు స్టోర్స్‌లో బియ్యం తూచే కాటా మీద ఊరికే ఎక్కాను, ఆరు కేజీలు తగ్గాను. నాకంటే ముందే అది కనిపెట్టింది మా వంటశాలలో పనిచేసే ఒక ఆవిడ. మర్నాటి నుంచి మధ్యాహ్నం తన డబ్బా తెచ్చుకుని నా గదిలో కూర్చునేది. నాకు ఏమీ బోధించలేదు. తన పిల్లల కబుర్లు చెబుతూ, నేను తినేదాకా లేచేది కాదు, అంతే.

మీరు ఆదివారం ఒక్కపూట కూర పట్టుకెళ్తే మిగతా ఆరు రాత్రులు అలాగే ఉంటాయి. రాత్రి ఏడున్నరకి ఫోన్ ఎదురుగా పెట్టుకుని మీరూ అమ్మా ఒకేసారి తినండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, కంచం చప్పుడు చాలు. పైన ఉన్న అమ్మాయిలు ఇంటి తిండికి ఎలాగూ మొహం వాచి ఉంటారు. వారంలో రెండు రాత్రులు వాళ్లని కిందికి భోజనానికి పిలవమనండి, సరుకులు మీరు కొనిపెట్టండి. తన ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించని అమ్మలు ఎవరైనా తింటారంటే వెలిగిస్తారు. మీ పిల్లల డబ్బాలోకి కందిపొడి, నువ్వులపొడి చేసి పంపమని అడగండి. చేసేటప్పుడు ఒక ముద్ద తన నోట్లోకీ వెళ్తుంది.

వండే ఓపిక లేని రాత్రులకి బియ్యం, పెసరపప్పు సమానంగా వేసి, క్యారెట్, పాలకూర తరిగి కుక్కర్‌లో పెట్టి పైన నెయ్యి వేసుకుంటే చాలు. పెసరట్టు పిండి ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. గుడ్డు తింటుంటే ఉడకబెట్టిన గుడ్డు. పాలు మానొద్దు, వాటిలో రాగిపిండి కాచి కలపండి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. బిస్కెట్ల మీద యుద్ధం చేయకండి. వాటికి ముందు ఒక పెసరట్టు పడితే అవి వాటంతటవే వెనక్కి పోతాయి.

ఇవన్నీ చేసినా అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నా, ఇష్టమైన గుడికీ పేరంటానికీ వెళ్లడం మానేసినా, "నేనెందుకింకా" లాంటి మాట ఒక్కసారైనా అన్నా, దాన్ని దుఃఖం అని వదిలేయకండి. అది డిప్రెషన్ కావచ్చు, 74 ఏళ్లకి కూడా మందులతో, మాటల చికిత్సతో తగ్గుతుంది. మన హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరుని తిట్టుగా వాడి వాడి మనసుకి డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే భయం పెట్టేశాం. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీరే చేసి, అమ్మకి ఇవ్వండి.

ప్రశ్న: ఆర్టీసీల డ్రైవర్‌గా చేసి రిటైరైన. ఉప్పల్‌ల ఉంటం. 69 ఏండ్లు, 65 కిలోలుంట. షుగర్ వచ్చి 12 ఏండ్లాయె. ఏడాది కింద అన్నం మొత్తం బంద్ జేసిన. పొద్దుగాల, రాత్రి జొన్నరొట్టె, ఇంత కూర. షుగర్ మంచిగ తగ్గింది గని కింద కూసుంటె లేవస్తలేదు. అరికాళ్లు మంటలు. మొన్న పొద్దుగాల చెమటలు పట్టి చేతులు వణికినయి, రొట్టె తిన్నంక తగ్గింది. ఇంకేం బంద్ జెయ్యాలె?

జవాబు: అన్నగారూ, మీ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాను. ఇంక బంద్ చేయాల్సింది ఏమీ లేదు, చేర్చుకోవాల్సినవే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఆ చెమటలు, వణుకు. ఏడాదిగా తిండి తగ్గింది, మాత్రలు మాత్రం అన్నం తిన్నప్పటి డోసులోనే ఉన్నాయేమో. అలాగైతే షుగర్ మరీ కిందికి పడిపోతుంది. మళ్లీ అలా అనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. చూసే వీలు లేకపోతే ముందు చక్కెర నీళ్లు తాగేయండి. అది తగ్గాక రొట్టె తినండి. ఈ వారంలోనే మీ డాక్టరుకి "నేను తిండి మార్చాను, ఇట్ల అయింది" అని చెప్పి మాత్రల డోసు చూపించుకోండి. ఇన్నేళ్లు స్టీరింగ్ పట్టినవారు, బండి నడిపే అలవాటు ఇంకా ఉండే ఉంటుంది. డోసు సరిచేసేదాకా ఖాళీ కడుపుతో స్కూటర్ తియ్యకండి.

అరికాళ్ల మంట షుగర్ వల్ల కావచ్చు, బీ12 విటమిన్ తగ్గడం వల్లా కావచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. గ్యాస్ కోసం పొద్దున్నే వేసుకునే మాత్ర ఏళ్లపాటు వాడినా తగ్గుతుంది. ఈ విటమిన్ పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది, జొన్నల్లో ఉండదు. రక్తపరీక్ష చేయించుకోండి. తగ్గిందని తేలితే మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో సరిచేస్తారు. ఆలస్యమయ్యే కొద్దీ నరాలు కోలుకోవడం కష్టం. భయపడి మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక జొన్నరొట్టె. చాలా మంచిది, పీచుంది, నాకూ ఇష్టం. కానీ 100 గ్రాముల జొన్నపిండిలో కూడా 70 గ్రాములకి దగ్గరగా పిండిపదార్థమే ఉంటుంది. అన్నం మానేశామని ఐదు రొట్టెలు తింటే లెక్క అక్కడికే వస్తుంది. రెండు రొట్టెలు, దాని పక్కన గిన్నెడు గట్టి పప్పు ఉండాలి. "ఇంత కూర" అన్నారు. ఆ కూర బీరకాయో సొరకాయో అయితే కండకి పట్టేది అందులో దాదాపు ఏమీ లేదు.

పెద్దవాళ్లకి కేజీ బరువుకి రోజుకి ఒక గ్రాము ప్రొటీన్ అయినా పడాలని ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు చెబుతున్నారు. మీకు 65 గ్రాములు. రెండు గుడ్లకి 12, రెండు పూటలా గట్టి పప్పుకి 14, గుప్పెడు పల్లీలకి 7, గ్లాసెడు పాలకి 6, గిన్నెడు పెరుగుకి 5, రొట్టెలకి ఎనిమిదో పదో. ఇక్కడికి 54 దాకా వచ్చింది. వారంలో రెండు మూడు రోజులు చికెనో చేపో తింటే మిగతాదీ నిండుతుంది. తినని రోజు ఉలవలో శనగలో గుగ్గిళ్లు చేయించుకోండి. మూడు పూటలకీ పంచుకోండి, ఆదివారం ఒక్కరోజే మటన్‌తో వారం మొత్తం లెక్క తీరదు. ఒక్క షరతు: కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు ఎప్పుడైనా అనివుంటే ఈ లెక్క మీది కాదు, ఆయన చెప్పిందే పాటించండి.

తిండి ఒక్కటే కండ పెంచదు. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి, మనవడిని టైం చూడమనండి. 12 సెకన్లు, అంతకుమించి పడితే కాళ్లలో బలం తగ్గినట్టు. ఆ పరీక్షే మీ వ్యాయామం కూడా. మొదట్లో చేతుల సాయంతో పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. వారానికోసారి ఒక్కొక్కటి పెంచండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపి దించండి. ఉప్పల్ రింగ్‌రోడ్డు పొగలో గంట నడిచేకన్నా ఇది మీ మోకాళ్లకి మేలు.

ప్రశ్న: బీపీ ఉంది. మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నాం. ఎంతైనా వాడుకోవచ్చా? (చిక్కడపల్లి)

జవాబు: వాడకూడదు. సైంధవ లవణంలో కూడా ఉన్నది దాదాపుగా అదే సోడియం క్లోరైడ్, పైగా చాలా రకాల్లో అయోడిన్ కలపరు. ఏ ఉప్పైనా మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. అందులో ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయలు, మిక్చర్, సాయంత్రం టీలోకి ఉస్మానియా బిస్కెట్, అన్నీ లెక్కే. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకీ, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకీ అది ప్రమాదం. డాక్టర్ని అడగకుండా కొనకండి.

వయసుతో నాలుకకి రుచి మందగిస్తుంది, అందుకే కూర చప్పగా ఉందనిపించి ఉప్పు డబ్బా వైపు చెయ్యి వెళ్తుంది. ఆ చెయ్యి నిమ్మకాయ వైపు తిప్పండి. చింతపండు, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి, వేయించిన జీలకర్ర, కరివేపాకు ఉన్న పచ్చిపులుసులో సగం ఉప్పే వేసినా నోటికి తెలియదు. అలాగని ఉప్పు పూర్తిగా మానేయకండి. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్ర వేసుకుంటూ, ఉప్పు బొత్తిగా మానేసి, రక్తంలో సోడియం పడిపోయి మగతగా స్ట్రెచర్ మీద వచ్చిన పెద్దవాళ్లని మా వార్డులో చాలామందిని చూశాను.

ప్రశ్న: నాన్నగారికి 78. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిగా చెప్పింది గుర్తుండట్లేదు, భోజనాల దగ్గర మాట్లాడరు, టీవీ మాత్రం పెద్ద సౌండు. పగలు నిద్ర. రోజుకి తొమ్మిది మాత్రలు. మతిమరుపు జబ్బేనని మా ఇంట్లో నిర్ణయించేశాం. ఇక చేయగలిగింది లేదు కదా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: బాబూ, ఆ నిర్ణయం వెనక్కి తీసుకోండి. మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది టీవీ సౌండు. చెప్పింది వినపడకపోతే గుర్తుంచుకోవడానికి ఏముంటుంది? నలుగురూ ఒకేసారి మాట్లాడే భోజనాల బల్ల దగ్గర చెవి మందగించిన మనిషి నాలుగుసార్లు "ఆఁ?" అని, ఐదోసారి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే మెదడుకి చేటు. మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో మనం ఆపగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది, అందులో వినికిడి తగ్గడం ఒకటి. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించండి. కొన్నిసార్లు గట్టిపడిన గులిమి తీస్తేనే సగం సమస్య పోతుంది. వినికిడి మిషన్ కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వినికిడి పరీక్షలు చేస్తారు. మిషన్ పెట్టుకున్న మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు కూడా బాంబులా వినపడుతుంది, చాలామంది అప్పుడే తీసి డ్రాయర్లో పడేస్తారు. రోజుకి గంటతో మొదలుపెట్టించండి.

తరవాత ఆ తొమ్మిది మాత్రలు. అన్నీ ఒక సంచిలో వేసి, జలుబుకీ నిద్రకీ సొంతంగా కొన్నవి కూడా కలిపి, ఒకే డాక్టరు ముందు కుమ్మరించండి. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు పెద్దవాళ్లలో మతిని మసకబారుస్తాయి, తూలి పడేట్టూ చేస్తాయి.

మా అమ్మ సంగతి చెబుతాను. ఆవిడకి 77 ఏళ్లప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం మొదలైంది. నా పేరుతో మా చెల్లిని పిలిచేది. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో "వయసు, ఇంతే" అనేశారు. అమ్మ ఎదురుగానే అన్నారు. ఆ రోజు ఆటోలో వస్తూ అమ్మ నా చెయ్యి పట్టుకుని "నాకు పిచ్చి పడుతోందా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు నేనూ ఆ మాట నమ్మి కూర్చున్నాను, ఇప్పటికీ ఆ రెండు నెలలు నన్ను బాధపెడతాయి. తరవాత ఇంకో డాక్టరు బీ12, థైరాయిడ్ చేయించారు. రెండూ బాలేవు. ఆయన నిద్రమాత్ర కూడా నెమ్మదిగా తగ్గించి మాన్పించారు. మూడు నెలలకి అమ్మ పాలవాడి లెక్క మళ్లీ తనే చూసుకుంది. మతిమరుపు పూర్తిగా పోలేదు. కానీ ఆవిడ ఆవిడగా ఇంకో ఆరేళ్లు మా మధ్య ఉంది.

దిగులు కూడా ఒక్కోసారి మతిమరుపులా కనపడుతుంది. దిగులులో ఉన్న మనిషి "నాకేమీ గుర్తుండట్లేదు" అని తనే బాధపడతాడు. అసలు మతిమరుపు జబ్బులో సాధారణంగా మనిషి దాన్ని కప్పిపుచ్చుతాడు, ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. ఇది గుర్తు మాత్రమే, తేల్చాల్సింది డాక్టరే. ఒక్కటి మాత్రం ఆగకూడదు: నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే అది మూత్రంలో ఇన్ఫెక్షనో, నీళ్లు తగ్గడమో, సోడియం పడిపోవడమో, పక్షవాతమో కావచ్చు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట. ఆయన లెక్కల మాస్టారు. పొద్దున పాల లెక్క, కరెంటు బిల్లు ఆయన చేతికివ్వండి. తప్పొస్తే రానివ్వండి.

ప్రశ్న: నాకు 70. బయటికెళ్తే బాత్రూమ్ దొరకదని నీళ్లు తాగను. దగ్గితే, నవ్వితే కొంచెం పడిపోతోంది. ఎవరికీ చెప్పుకోలేదు. (వారాసిగూడ)

జవాబు: నాకు చెప్పారు, సంతోషం. మీలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి, మలబద్ధకం వస్తుంది, దానివల్ల ఈ బాధ ఇంకా పెరుగుతుంది. వయసుతో దాహం వేయడమే తగ్గుతుంది కాబట్టి దాహమేస్తే తాగుదాంలే అనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటిన రోజు అదే పెద్ద ప్రమాదం. పొద్దున్నుంచి సాయంత్రం లోపల ఎక్కువ తాగి, పడుకోవడానికి రెండు గంటల ముందు తగ్గించండి. పల్చటి మజ్జిగ, చారు, పుచ్చకాయ కూడా లెక్కలోకొస్తాయి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకి కొలత పెట్టి ఉంటే ఆ కొలత దాటొద్దు.

మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలని కూర్చున్నచోటే ఐదు లెక్కపెట్టేదాకా బిగించి వదలండి. పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మూడు నెలలు మానకుండా చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. తగ్గకపోతే గైనకాలజిస్టుకి ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

ప్రశ్న: మాది జనగామ దిక్కు పల్లె. మా ఆయన పోయినంక కొడుకు నిజాంపేటకు తీసుకొచ్చిండు. పద్నాలుగో అంతస్తు. కొడుకు, కోడలు మంచోళ్లే, ఏ పని ముట్టనియ్యరు. గ్యాస్ కాదు, కరెంటు పొయ్యి, నాకు తెల్వదు. "నువ్వు కూసో అత్తమ్మా" అంటది కోడలు. పొద్దంత కిటికీల నుంచి కిందికి చూసుకుంట కూసుంట. ఆకలైతలేదు, నిద్ర పడతలేదు. నా మనుమరాలితోని రాయిస్తున్న. 71 ఏండ్లు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు మీ కొడుకు, కోడలితో రెండు మాటలు. పాపా, ఇది వాళ్లకి చదివి వినిపించు.

మీరిద్దరూ ఆమెని సుఖపెట్టాలనే చూస్తున్నారు, నాకు అర్థమైంది. కానీ యాభై ఏళ్లు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పొలానికి సద్ది కట్టిన చేతుల్లోంచి ఒక్కసారిగా అన్నీ తీసేసుకున్నారు. పనిచేయని ఒంటికి ఆకలి వేయదు. పగలంతా కదలని మనిషికి రాత్రి నిద్ర రాదు. రోజులో ఒక పూట వంట ఆమెకి వదిలేయండి. ఆకుకూర ఒలిచి ఇవ్వమనడం కాదు, ఏం వండాలో కూడా ఆమే చెప్పాలి. ఆదివారం మీ ఇంట్లో సర్వపిండి ఆమె చేత్తో కావాలి. ఉప్పు, నూనె కొంచెం ఎక్కువ వేసినా మొదటి నెల ఏమీ అనకండి.

పాపా, నీకొక పని. కరెంటు పొయ్యి మీద నాయనమ్మకి కావాల్సిన మీటలు మూడే: వెలిగించేది, మంట పెంచేది, ఆపేది. వాటి పక్కన ఎర్ర బొట్టుబిళ్లలు అంటించు. ఒకటి, రెండు, మూడు. నాలుగు రోజులు పక్కన నిలబడి నేర్పు. స్టీలు గిన్నెల్లో కొన్ని ఆ పొయ్యి మీద వేడెక్కవు, ఏవి పనిచేస్తాయో విడిగా ఒక అరలో సర్దిపెట్టు.

ఇప్పుడు మీకు అమ్మా. ఆకలి, నిద్ర లేవంటున్నారు కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తం శాతం చూస్తారు. ఎండ కోసం కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. డి విటమిన్ తయారు కావాలంటే ఎండ నేరుగా ఒంటికి తగలాలి. పొద్దున పదకొండు ప్రాంతంలో ఒక పావుగంట కిందికి దిగి, చేతులు, కాళ్ల మీద ఎండ పడేట్టు కూర్చోండి, వేసవిలో కొంచెం ముందే దిగండి. సాయంత్రం ఐదింటికి మళ్లీ దిగండి. మీ లిఫ్టులోనే ఇంకో ఆరుగురు పెద్దమ్మలు ఎవరూ పలకరించట్లేదని అనుకుంటూ ఎక్కి దిగుతుంటారు. "మీదే ఊరు?" అని మీరే అడగండి. పల్లెటూళ్లో అడిగినట్టే అడగండి.

పొద్దున టీ బిస్కెట్‌కి బదులు మీరెరిగిన అంబలే చేసుకోండి, మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ నంజుకుంటూ. మక్క గటకలోకి చిక్కటి పప్పు, మీద ఒక గుడ్డు. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో మా ఇంటికి దగ్గరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అక్కడే శిక్షణ తీసుకున్నాను. 2024లో వాళ్లు దేశానికంతటికీ 17 ఆహార సూత్రాలు ఇచ్చారు. పప్పులు, చిరుధాన్యాలు, ఆకుకూరలు, తక్కువ ఉప్పు, తక్కువ చక్కెర అని అందులో రాసినవి చదువుతుంటే, మీ ఊరి వంటిల్లే నాకు కళ్ల ముందు కనపడింది.

వారానికోసారి, మీ మనుమరాలికి సెలవున్న రోజు, ఇద్దరూ కలిసి కూకట్‌పల్లి రైతుబజారుకి వెళ్లండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. రైతుబజారులో గంగవాయిలి కూర ఏదో, లేత పుంటికూర ఏదో, ముదురుది ఏదో పాపకి చూపించండి. ఆ అమ్మాయికి ఫోన్ తెలుసు, ఆకు తెలియదు. ఏ ఆకుని పప్పులో వేస్తారో, దేన్ని తొక్కు నూరతారో మీరు చెబుతుంటే రాసుకోమనండి. ఆ రాసిన కాగితం ఈ శీర్షికకి పంపండి, నేను చదువుతాను.

ఒక్క జాగ్రత్త. బస్సు పూర్తిగా ఆగాకే సీట్లోంచి లేవండి, రెండు చేతుల్లోనూ సంచులు పెట్టుకోకండి. ఒక చెయ్యి కమ్మీకి ఉండాలి.